మూడో మెషీన్‌లో ఆరుగురు

దసరా పూజకు మెషీన్లన్నీ ఆపాల్సిందేనని రమణమూర్తిగారు అన్నారు. ఆపితే యార్డు గేటు దగ్గర లారీలు నిలిచిపోతాయని దేవి అంది. ఈ మాట మీద ఇద్దరూ మూడు రోజులు వాదించుకున్నారు.

రమణమూర్తిగారిది అమలాపురం వైపు. పోర్టులో ఉద్యోగానికి వచ్చి, అది మానేసి, ద్వారకానగర్‌లో రెండో అంతస్తు అద్దెకు తీసుకుని కంప్యూటర్ల కంపెనీ పెట్టారు. కంపెనీని నిలబెట్టిన పని ఒక్కటే. గాజువాక అవతల ఒక ప్రైవేటు కంటైనర్ యార్డు ఉంది. ఓడకెక్కే బాక్సులతో లారీలు అందులోకి వెళ్ళాలంటే ముందుగా నెట్‌లో టైము తీసుకోవాలి. డ్రైవర్లు నెట్ సెంటర్‌లో కూర్చుని లారీ నంబరు, బాక్సు నంబరు, దాని తలుపుకి వేసిన సీలు నంబరు నింపి, చీటీ ప్రింటు తీసుకుని గేటు దగ్గర చూపిస్తారు. ఆ వెబ్‌సైటు రమణమూర్తిగారి కంపెనీది. 2006లో అక్కడ సర్వర్లు చూసే మనిషి దేవి ఒక్కతే.

సర్వర్లు నాలుగు. ముందు ఒకటి, దాని వెనక మూడు. ముందుది వచ్చినవాళ్ళని లోపలికి తీసుకుని, వెనక ఉన్న మూడింటిలో ఒకదాని దగ్గరికి పంపుతుంది. అది చెప్పిన జవాబు తెచ్చి ఇస్తుంది. అసలు పనంతా వెనకవే చేస్తాయి. డ్రైవరుకి మాత్రం వెనక ఎన్ని ఉన్నాయో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

మొదట్లో దేవి వచ్చినవాళ్ళని వంతుల ప్రకారం పంచింది. దాంతో గొడవ మొదలైంది. మొదటి పేజీ ఒకటో మెషీన్‌లో నింపినవాడు రెండో పేజీకి రెండో మెషీన్ దగ్గర తేలేవాడు. అది నువ్వెవరివని మళ్ళీ మొదటినుంచీ అడిగేది. అప్పుడు దేవి పద్ధతి మార్చింది. ఎవరు ఏ మెషీన్ దగ్గర మొదలుపెడితే చీటీ చేతికి వచ్చేదాకా వాళ్ళకి అదే. దేవి వాళ్ళమ్మ చేపల గంప మోసే రోజుల్లో లాసన్స్‌బే కాలనీలో వాడుక ఇళ్ళు ఉండేవి. ఒకరి వాడుక ఇంటికి ఇంకొకరు వెళ్ళేవారు కాదు. అలాగే ఒక్కొక్కరినీ ఒక్కో మెషీన్‌కి కట్టేసింది.

దానితో గొడవ తగ్గింది. ఒక్క లోపం మిగిలింది. ఒక మెషీన్‌కి తెలిసింది ఇంకో మెషీన్‌కి తెలియదు. ఒకటి ఆగిపోతే, అందులో సగం నింపినవాళ్ళ వివరాలూ, వాళ్ళకని పట్టి ఉంచిన టైమూ అన్నీ పోతాయి. మూడూ కలిసి ఒకేచోట రాసుకునేలా చేద్దామని దేవి రెండుసార్లు అడిగింది. పండగ వెళ్ళాక చూద్దామన్నారు రమణమూర్తిగారు.

కిందటి దసరాకి ఆయన నాలుగింటినీ ఒకేసారి ఆపించి రెండు గంటలు పూజ చేయించారు. యార్డు వాళ్ళు ఇంకోసారి ఇలా జరిగితే వేరే కంపెనీని చూసుకుంటామని కాగితం పంపారు. అయినా నడుస్తున్న మెషీన్‌కి పూజ చెయ్యడానికి ఆయన మనసు ఒప్పుకోలేదు. ఆయుధం కింద పెట్టాకే పూజ అంటారు ఆయన. చివరికి దేవే దారి చెప్పింది. వెనక మూడింటినీ ఒకదాని తర్వాత ఒకటి ఆపవచ్చు. ఒకటి పూజలో ఉంటే మిగిలిన రెండూ పని చేస్తాయి. ఆపబోయే మెషీన్‌కి ముందుగా కొత్తవాళ్ళని పంపడం మానేసి, ఉన్నవాళ్ళు చీటీలు తీసుకుని వెళ్ళేదాకా ఆగితే చాలు.

మరి ముందున్నదాని సంగతేమిటని ఆయన అడిగారు. సింహాచలం నుంచి వచ్చే పంతులుగారికి ఫోను చేశారు. గడపకి పసుపు రాయడానికి ఇంట్లోవాళ్ళ రాకపోకలు ఆపుతామా అన్నారు పంతులుగారు. అలా ముందు మెషీన్‌కి నడుస్తుండగానే బొట్టు పెట్టడం ఖాయమైంది.

పండగ పొద్దున్న తొమ్మిదింటికి దేవి ఆఫీసుకి వచ్చేసరికి అటెండరు నూకాలు గది కడిగి, నాలుగు మెషీన్ల మీదా బంతిపూల దండలు వేసింది. గాలి వెళ్ళే చిల్లులు మూసుకుపోతాయని దేవి దండలు కాస్త పక్కకి జరిపింది. దేవుడికేసిన దండ జరపకూడదమ్మా అని నూకాలు గొణిగింది.

ముహూర్తం పదీ పది నుంచి పదకొండూ అయిదు వరకు. ఆ తర్వాత వర్జ్యం. తూర్పు నుంచి మొదలుపెట్టాలన్నారు రమణమూర్తిగారు. తూర్పు గోడ పక్కన ఒకటో మెషీన్ ఉంది.

దేవి ఆఫీసు పక్షాన ఆలోచిస్తూనే ఇంకోటి కూడా ఆలోచిస్తోంది. ఆమె అక్క సీతాలు మొగుడు అప్పలరాజు లారీ డ్రైవరు. ఆ రోజు రొయ్యల బాక్సు వేసుకుని యార్డు దగ్గరికి వచ్చాడు. మధ్యాహ్నం పన్నెండుకి ఆ ఓడకి గేటు మూసేస్తారు. కిందటి నెలలో ఒకసారి ఇలాగే ఆలస్యమై ఓడ తప్పింది. ఇంకోసారి తప్పితే తాళాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపొమ్మని ఓనరు చెప్పాడు. ముందు రోజు రాత్రి అన్నం తింటూ ఈ మాట సీతాలే చెప్పింది. చెప్పేటప్పుడు చెల్లెలి వైపు చూడలేదు. సాయం చెయ్యమని అడగనూ లేదు. అడగకపోవడమే దేవికి ఎక్కువ బరువుగా అనిపించింది.

పది గంటలకి ఒకటో మెషీన్‌కి కొత్తవాళ్ళని ఆపింది. పదీ పావుకి అది ఖాళీ అయింది. స్విచ్చి తీసింది. పంతులుగారు గంధం, కుంకుమ పెట్టి మంత్రాలు చదివారు. నిమ్మకాయ కోశారు. మళ్ళీ స్విచ్చి వేసింది. పదిన్నరకి అది లేచింది. రెండోదీ అలాగే ఖాళీ అయింది, అలాగే లేచింది. పదీ నలభై అయిదుకి మూడోదాని వంతు.

తెర మీద మూడో మెషీన్ ఎదుట పంతొమ్మిది అని ఉంది.

అప్పుడు దేవికి తన పొరపాటు తెలిసింది. ఒకటోది ఆగినప్పుడు కొత్తవాళ్ళలో సగం మంది మూడోదానికి వెళ్ళారు. రెండోది ఆగినప్పుడు మళ్ళీ సగం మంది అక్కడికే వెళ్ళారు. వచ్చినవాళ్ళు పని అయ్యేదాకా కదలరు. కదలకుండా కట్టింది తనే. ఎక్కువమంది పోగయ్యేది చివరిదాంట్లోనే అని ముందుగా ఆలోచించలేదు. తూర్పా పడమరా అని చూశారు గాని ఈ లెక్క ఎవరూ చూడలేదు.

కొత్తవాళ్ళని ఆపి కూర్చుంది. పదిహేడు. పద్నాలుగు. ఎవరు ఎంతవరకు నింపారో చూడడానికి తనే ఒక పేజీ రాసుకుంది. అందులో పేర్లు, లారీ నంబర్లు, తీసుకున్న టైము ఒక వరసలో కనిపిస్తాయి. పైనుంచి నాలుగోది అప్పలరాజు. టైము పదకొండున్నర. సీలు నంబరు దగ్గర ఆగి ఉన్నాడు.

ఫోను చేసింది. నెట్ సెంటర్ చప్పుడు వినిపించింది.

"బావా, సీలు నంబరు దగ్గర ఎందుకు ఆగిపోనావు?"

"ఆ నంబరు కంపెనీ సూపరైజరు సెప్పాలే. పండగ కదా, ఆడు ఫోన్ ఎత్తట్లేదు. నెట్ సెంటరోడు కూడా పూజ ఉన్నాది లెగండి లెగండి అని నెత్తి మీద నిలబడ్డాడు. ఆడి కంప్యూటరికి దిష్టి తియ్యాలట."

"లారీ కాడికెల్లి సీలు సూసి రాసుకోవచ్చు గదా."

"లారీ గేటు లైన్లో ఉన్నాది. ఇక్కడికి రెండు కిలోమీటర్లు. ఎల్లొచ్చేసరికి ఈడు కరెంటు తీసేత్తాడు."

తాను మెషీన్ ఆపబోతున్నానని దేవి చెప్పలేకపోయింది. త్వరగా కానిమ్మని మాత్రం అని ఫోను పెట్టేసింది.

పదీ యాభై అయిదు. పదకొండుమంది. పంతులుగారు గడియారం చూసి, అవతల రామ్‌నగర్‌లో రెండు షాపులు ఎదురుచూస్తున్నాయన్నారు. రమణమూర్తిగారు పంచె సర్దుకుంటూ వచ్చి దేవి కుర్చీ వెనక నిలబడ్డారు.

"ఇంకెంతసేపమ్మా?"

"లోపల పదకొండుమంది ఉన్నారండి."

"ఉంటే ఉంటారు. ఒక్క పది నిమిషాలు. వాళ్ళే మళ్ళీ మొదలుపెట్టుకుంటారు."

మొదలుపెట్టుకుంటే టైము దొరకదని ఆమె చెప్పింది. పన్నెండులోపు ఖాళీలన్నీ అయిపోయాయి. పట్టి ఉంచిన టైము వదిలేస్తే క్షణంలో ఇంకొకరు తీసుకుంటారు. ఆయన విన్నారు. విని, ముహూర్తం కూడా అంతేనమ్మా, వదిలేస్తే దొరకదు అన్నారు. ఆ మాటకి పంతులుగారు నవ్వారు. దేవికి నవ్వు రాలేదు.

పదకొండు. తొమ్మిదిమంది. ఆమె కాలు బల్ల కింద దానంతట అదే ఊగుతోంది. నూకాలు కొబ్బరికాయ పీచు తీస్తూ, ఆ కాలు ఊపితే ఇంటికి మంచిది కాదంది. దేవి మోకాలి మీద చెయ్యి పెట్టి నొక్కింది. చెయ్యి తీయగానే మళ్ళీ ఊగింది. చూపంతా ఆ నాలుగో వరస మీదే. మిగిలినవాళ్ళ పేర్లు పైకీ కిందికీ మారుతున్నాయి. అవి ఆమెకి కనిపిస్తున్నాయి గాని బుర్రలోకి వెళ్ళడం లేదు.

పదకొండూ మూడు. సూపర్‌వైజరు ఫోను ఎత్తినట్టున్నాడు, అప్పలరాజు వరసలో సీలు నంబరు పడింది. ఒక్కొక్క అంకె చూసి కొట్టినట్టుంది, చాలాసేపు పట్టింది. తర్వాత ఆ వరస మాయమైంది. చీటీ అయిపోయింది.

దేవి ఏదో బరువు దించుకున్నట్టు లేచి నిలబడింది.

"కానివ్వండి పంతులుగారూ," అంది. స్విచ్చి తీసింది.

మెషీన్ హోరు ఆగింది. గది ఒక్కసారి నిశ్శబ్దమైనట్టు అనిపించింది, మిగిలిన మూడూ మోగుతూనే ఉన్నా. తెర మీద మూడో మెషీన్ పక్కన ఎర్రగా గీత పడింది. ఎర్రగా మారకముందు అక్కడున్న అంకె ఆరు. ఆ అంకె ఆమె చూసింది. చూసే తీసింది.

పంతులుగారు రెండు నిమిషాల్లో పూజ ముగించి, దక్షిణ తాంబూలాలు తీసుకుని వెళ్ళిపోయారు. రమణమూర్తిగారికి మనసు నిండింది. నూకాలు పులిహోర పెట్టిన ఆకుప్లేటు తెచ్చి దేవి ముందు ఉంచింది. దేవి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ప్లేటు పక్కకి జరిపింది.

ఆరుగురి పేర్లూ, నంబర్లూ, టైములూ ఆ పేజీలోనే ఉన్నాయి. ఒక కాగితం ముక్క మీద రాసుకుంటే చాలు. అర నిమిషం పని. తర్వాత తనే చేత్తో ఎక్కించి ఉండేది. పావుగంట సేపు ఆ పేజీనే చూస్తూ కూర్చుంది, ఒక్క వరస తప్ప ఇంకేదీ చదవలేదు. ఇప్పుడు మెషీన్ మళ్ళీ లేచింది. లోపల ఏమీ లేదు.

చెయ్యగలిగింది ఒకటే ఉంది. వదిలేసిన ఆరు ఖాళీలూ ఇంకెవరూ తీసుకోకుండా వెంటనే తన పేరు మీద పట్టి ఉంచింది. అదృష్టం కొద్దీ ఆరూ ఉన్నాయి. పూజల వల్ల నెట్ సెంటర్లు చాలావరకు మూసి ఉన్నట్టున్నాయి. తర్వాత ఫోను దగ్గర కూర్చుంది. వెబ్‌సైటు మీద ఆఫీసు నంబరు ఉంటుంది. పోగొట్టుకున్నవాళ్ళు చేస్తారు.

పదకొండూ పన్నెండుకి మొదటి ఫోను వచ్చింది. అవతలి మనిషి తిట్టాడు. ఆమె తిట్లు విని, లారీ నంబరూ బాక్సు నంబరూ రాసుకుని, చీటీ ఎక్కించింది. ప్రింటు తీసుకోమంది. రెండోవాడు, మూడోవాడు. నాలుగో ఫోను యలమంచిలి నుంచి లారీ ఓనరు భార్య చేసింది. ఆమె తిట్టలేదు, ఏడ్చినంత పని చేసింది. పదకొండున్నరకి అయిదోవాడు. ప్రతి ఫోనుకీ దేవి ఒక ఖాళీ తగ్గించుకుంది.

ఒకటి మిగిలింది. పదకొండూ నలభై అయిదుది.

ఫోను మోగలేదు. ఆమె రిసీవరు ఎత్తి పనిచేస్తోందో లేదో విని పెట్టేసింది. ఎత్తినప్పుడే అతను చేశాడేమోనని భయపడి ఇంక ఎత్తలేదు. గదిలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. యార్డు గేటు గుమాస్తా గవర్రాజుకి సెల్‌లో ఫోను చేసి, చీటీ లేకుండా ఎవరైనా వచ్చి నెట్‌లో సగం నింపానంటే తనకి చెప్పమంది. చీటీ లేనోల్లందరూ ఆ మాటే అంటారమ్మా, నలభైమంది ఉన్నారిక్కడ, ఎవుడిని సూడమంటావు అని గవర్రాజు పెట్టేశాడు.

పదకొండూ నలభై ఆరుకి సెల్ మోగింది. అప్పలరాజు.

"దేవీ, లోపలికొచ్చీసినాను. మీ అక్కకి సెప్పీ. క్రేను కాడ నా ముందర ఒక్క లారీయే ఉన్నాది." అతని గొంతులో సంతోషం పొంగుతోంది. "బతికినాను గానీ, బయట ఒకడి పని అయిపోనాది పాపం. పలాస జీడిపప్పు బాక్సు. కంప్యూటరు నా చీటీ తినేసినాది అని గేటు కాడ అరుత్తన్నాడు. ఆల్లు ఈడి మాట ఇనట్లేదు."

దేవి కుర్చీలోంచి లేచింది.

"బావా, ఎనక్కెల్లు. నడిసెల్లు. ఆయనకి నీ ఫోనియ్యి."

"ఏటి? నా వంతు వచ్చేత్తంది. లారీ వదిలీసి ఎలా ఎల్తాను?"

"నీ చీటీ అయ్యేదాకా మెషీన్ ఆపకుండా పట్టుకున్నాను. నీది అయ్యాక ఆపేసినాను. ఆయన అందులో ఉన్నాడు."

అవతల ఇంజిను చప్పుడు వినిపించింది. ఎవరో హారను కొట్టారు.

"ఆపితే పోతదని నీకు తెలుసా?" అన్నాడు అప్పలరాజు.

"తెలుసు."

లారీ తలుపు మూసిన చప్పుడైంది. లారీ కాస్త సూడు, ఇప్పుడే వచ్చేత్తానని ఎవరికో చెప్పాడు. తర్వాత కంకర మీద చెప్పుల చప్పుడు, మొదట నడక, తర్వాత పరుగు. రొప్పుతున్నాడు. దేవి గోడ గడియారం వైపు చూస్తూ నిలబడింది. రమణమూర్తిగారు గుమ్మం దగ్గరికి వచ్చి, ఆమె ముఖం చూసి, ఏమైందని చెయ్యి ఊపి అడిగారు. ఆరో మనిషి దొరికాడండి అంది. ఆరో మనిషి ఎవరో ఆయనకి అర్థం కాలేదు. తర్వాత అంతా చెబుతానంది. చెప్పక తప్పదని ఆమెకి తెలుసు. తన బావది అయ్యేదాకా ఆగి, మిగిలినవాళ్ళకి ఆగలేదన్న సంగతితో సహా.

పదకొండూ యాభై ఒకటికి ఫోను చేతులు మారింది. కొత్త గొంతు. అరిచి అరిచి బొంగురుపోయింది.

"ఎవులమ్మా మాట్లాడతన్నది?"

"వెబ్‌సైటు ఆఫీసు నుంచండి. మీ పేరు?"

"గురువులు."

"గురువులుగారూ, మీ చీటీ పోవడం మీ తప్పు కాదు. మెషీన్‌ని నేనే ఆపాను. మీరు లోపల ఉన్నారని తెలిసే ఆపాను."

ఇంత తొందరలో అది చెప్పాల్సిన అవసరం లేదు. అయినా ముందు అదే వచ్చింది. దేవి తిట్టు కోసం ఎదురుచూసింది.

"ఎవులు ఆపితే నాకేటమ్మా. పన్నెండవతాది. లారీ నంబరు సెప్తాను, రాసుకో."

ఆమె కూర్చుంది. ప్రింటుకి టైము లేదు, ఎక్కించగానే గేటుకి తనే ఫోను చేసి చెప్పాలి. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టింది.

"చెప్పండి," అంది.

"ఏపీ ముప్పై," అన్నాడు గురువులు.